చెదలు తినని పేపరు

అరంగుళం మాస్టారు తన జన్మలో చెప్పుకోదగ్గ అబద్ధం ఒక్కటే ఆడారు. ఆ నేరం కూడా మనుషుల మీద పెట్టలేదు, చెదల మీద పెట్టారు. అవి నోరు లేని జీవాలు కనుక నలభై అయిదేళ్ళుగా కిక్కురుమనకుండా మోస్తూ వచ్చాయి.

ఆయన దర్జీ. కోట్లు కుట్టడంలో చెయ్యి తిరిగినవారు. ఏ గుడ్డ కత్తిరించినా లోపలి కుట్టులో అరంగుళం అదనంగా వదలడం ఆయన పద్ధతి. "మనిషన్నాక ఒళ్ళు చేస్తాడు, అప్పుడు గుడ్డ ఎక్కణ్ణుంచి తెచ్చేది?" అనేవారు. పదేళ్ళు పోయాక అదే కోటు పట్టుకొచ్చి పొట్ట తడుముకుంటూ నిలబడ్డవాళ్ళకి, పల్లెత్తు మాట అనకుండా కుట్టు విప్పి ఆ అరంగుళం వదిలి పంపేవారు. అలా ఆ పేరు ఖాయమైపోయింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు.

ఇల్లూ దుకాణమూ ఒకే కప్పు కింద ఉంటాయి. ముందుగదిలో కటింగు బల్ల, కుట్టుమిషను, ఇస్త్రీ పెట్టె ఆనించీ ఆనించీ నల్లబడిన కంబళి ముక్క, గోడ నిండా మేకులు, ఆ మేకులకి పేపరు కటింగులు. పేపరు కటింగు అంటే పెద్ద విద్యేం కాదు. పాత న్యూస్‌పేపరు మీద మనిషి కొలతలు గీసి, ముందు భాగం, వీపు, చెయ్యి, కాలరు వేటికవి కత్తిరించి దాచుకుంటారు. వాటిని గుడ్డ మీద పరిచి చుట్టూ సుద్దతో గీసి కోస్తారు. ఆ మనిషి మళ్ళీ వస్తే టేపు తియ్యనక్కర్లేదు. ఊళ్ళో సగం మంది భుజాలూ నడుములూ అలా మాస్టారి గోడకి వేలాడుతూ ఉంటాయి.

మంగళవారం పొద్దున్నే కూతురు ఫోన్ చేసింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. పని మీద ఉన్నప్పుడు ఎలా మాట్లాడుతుందో ఇంట్లోవాళ్ళతోనూ అలాగే మాట్లాడుతుంది, మందు డోసు చెప్పినట్టు.

"నాన్నా, ఆదివారం అమ్మ సైకిల్ యాత్ర సంగతి తెలుసుగా. అమ్మ దగ్గర చదువుకున్నవాళ్ళంతా వస్తున్నారు. ఆ రేసు ఫొటో ఉన్న పేపరు పెద్దది చేయించి పెడదామనుకున్నారు. పేపరాఫీసుకి వెళ్ళి అడిగొచ్చా. ఆ ఏడాది కాపీలన్నీ వానకి తడిసి ముద్దయిపోయాయట. లైబ్రరీలోనూ లేదు. మనదొక్కటే ఉండేది, దాన్నేమో చెదలు తినేశాయంటారు."

"ఊఁ," అన్నారు మాస్టారు.

"ఒక్క ముక్కయినా మిగల్లేదా నాన్నా? అమ్మ పైకి అనదు గానీ, నిన్న నాతో ఏమందో తెలుసా? 'ఒక్కసారి చూసుకోవాలని ఉందే' అంది."

మాస్టారు చూస్తాలే అని ఫోన్ పెట్టేశారు. వెనక పెరట్లో ఆయన భార్య టీచరమ్మ సైకిల్ గొలుసుకి నూనె వేస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది.

ఆవిడ బడిలో ముప్పై రెండేళ్ళు ఆటల టీచరుగా పనిచేసింది. ఈ ఆదివారానికి డెబ్బై నిండుతాయి, ఇంకా సైకిల్ దిగలేదు. కూరగాయలకీ సైకిలే, డాక్టరు దగ్గరికీ సైకిలే. మోకాళ్ళ నొప్పి అని వెళ్ళి, డాక్టరు వ్యాయామం చెయ్యమంటే, "ఇక్కడికి ఎలా వచ్చాననుకున్నారు?" అని అడిగి వచ్చింది.

ఆ రేసు సంగతి చెప్పాలి. అప్పటికి ఆవిడకి ఇరవై రెండేళ్ళు. ఊరి చుట్టూ పాతిక కిలోమీటర్ల పందెం, నలభై మంది మగవాళ్ళు, ఆవిడొక్కతే ఆడపిల్ల. వాళ్ళ నాన్న పోస్ట్‌మ్యాన్. ఆ పోస్టు సైకిల్ మీదే నేర్చుకుంది, దాని మీదే పందెంలో దిగింది. మూడో స్థానం వచ్చింది. మర్నాడు పేపర్లో మొదటి పేజీలో ఫొటో పడింది. మొదట వచ్చినవాడికి రెండు వాక్యాలు దక్కాయి, ఈవిడకి నాలుగు కాలమ్‌ల ఫొటో. పాపం అతగాడు ఆ తర్వాత చాలాకాలం ఎదురుపడితే తల తిప్పుకుని పోయేవాడట.

పోస్ట్‌మ్యాన్‌గారు ఆ రోజు పేపరు కాపీలు ఎనిమిది కొన్నారు. సంచీలో ఉత్తరాలతో పాటు వేసుకుని, ఉత్తరం ఉన్న ఇంటికీ లేని ఇంటికీ వెళ్ళి తలుపు కొట్టి, "మా అమ్మాయి" అని చూపించారు. ఏడు కాపీలు అలా పంచేశారు. ఎనిమిదోది మాత్రం పెట్టెలో అడుగున దాచి, పెళ్ళయ్యాక కూతురి చేతిలో పెట్టారు.

ఆ పెళ్ళి కుదిరింది కూడా ఆ పేపరు వల్లే. ఆ పొద్దున టీ దుకాణంలో అందరూ ఫొటో చూసి ఆహా ఓహో అంటుంటే, అక్కడే ఉన్న కుర్ర దర్జీ ఒకడు కళ్ళు చికిలించి, "ఆ పంట్లాం ఎవరు కుట్టారో గానీ, తొడ దగ్గర పట్టేస్తోంది. వదులుగా కుట్టుంటే రెండోది వచ్చేది," అన్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా పోస్ట్‌మ్యాన్‌గారి ఇల్లు చేరింది. మర్నాడు తండ్రీ కూతుళ్ళిద్దరూ దుకాణం ముందు సైకిళ్ళు దిగారు.

"ఆ పంట్లాం కుట్టింది నేనే," అంది ఆ పిల్ల. "ఇంతకంటే బాగా కుట్టడం వచ్చా నీకు?"

వచ్చని నిరూపించడానికి కుర్ర దర్జీకి వారం పట్టింది. పిల్లని ఒప్పించడానికి ఏడాది పట్టింది.

మరి ఆ పేపరు ఏమైంది? ఇక్కడే మాస్టారు పప్పులో కాలేశారు. పెళ్ళయిన రెండేళ్ళకి మామగారి రిటైర్మెంటు వచ్చింది. కొత్త అల్లుడు, కొత్త దుకాణం. మామగారికి తన చేత్తో కోటు కుట్టి తొడగాలని పట్టుబట్టారు. అప్పటికి ఆయన కుట్టినవన్నీ చొక్కాలూ పంట్లాలే, కోటు అదే మొదటిది. మూడు రోజులే గడువు. కాలూ చెయ్యీ ఆడక అలమారలోంచి పైనున్న పేపరు లాగి బల్ల మీద పరిచారు. ఎండకి ఫొటో వెలిసిపోతుందని టీచరమ్మ ఆ పేపర్ని మొదటి పేజీ లోపలికి వచ్చేలా తిరగేసి మడిచి పెట్టుకుంది. పైకి కనబడేవి బజారు ధరలూ వాతావరణమూ. ఆ బజారు ధరల మీద మాస్టారు మామగారి ఛాతీ గీశారు, భుజం గీశారు, చంక దగ్గర వంపు తిప్పారు. జేబు ఎక్కడ రావాలో సూదితో నాలుగు చిల్లులు పొడిచారు. కత్తెర పెట్టి ఒక్క ఊపున కోసేశారు. పక్కన పెట్టబోతూ తిప్పి చూస్తే ఏముంది, భార్య సైకిల్ తొక్కుతూ తనకేసే వస్తోంది. ముందు చక్రం సగం లేదు. అది చంక వంపులో పోయింది.

మాస్టారు ముక్కలన్నీ చుట్టచుట్టి, నాడాతో కట్టి, మిషను సామాన్ల పెట్టెలో అట్టడుక్కి తోసేశారు. నెల తర్వాత ఆవిడ పేపరు కనబడ్డం లేదంటే, నోటికి వచ్చిన మొదటి మాట అనేశారు: "చెదలు పట్టాయి."

అబద్ధం ఆడటం తేలిక, దాన్ని పోషించడమే కష్టం. చెదలు పట్టిన అలమార ఇంట్లో ఉంచుకుంటారా? బంగారంలాంటి టేకు అలమార తీసి పారెయ్యాల్సి వచ్చింది. ఆ మీదట ఏటా వేసవిలో టీచరమ్మ చెదలమందు డబ్బా కొనుక్కొచ్చి చేతికిస్తే, మాస్టారు బల్లలకీ తలుపులకీ బుద్ధిగా పూస్తూ వచ్చారు. ఆ ఇంట్లో ఒక్క చెదపురుగు కూడా ఏనాడూ కాలు పెట్టలేదు. పూస్తున్నంతసేపూ ఆయనకి సిగ్గేసేది. రేపు చెప్పేద్దాం అనుకునేవారు. నలభై అయిదు వేసవులు అలా గడిచాయి.

ఆ మంగళవారం మధ్యాహ్నం టీచరమ్మ మైదానానికి బయల్దేరింది. ఆదివారం యాత్రకి పాత విద్యార్థులతో ఓ చుట్టు తొక్కి చూసుకుంటారట. గంట మోగించి వీధి మలుపు తిరిగాక, మాస్టారు తలుపు దగ్గరగా వేసి పెట్టె తెరిచారు. విరిగిన సూదులు, తుప్పు పట్టిన బాబిన్లు, తెగిన బెల్టు, వాటన్నిటి కిందా ఆ చుట్ట. నాడా ముడి విప్పబోతే చేతిలోనే పుటుక్కున తెగింది.

ఒక్కో ముక్కా బల్ల మీద పరిచారు. కాగితం టీ రంగుకి తిరిగింది, అంచులు పెళుసెక్కాయి. కళ్ళద్దాలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. పై చేతి ముక్క మీద చిన్న ప్రకటనలు: తెల్లపిల్లి తప్పిపోయింది, ఎడమ చెవి నలుపు, తెచ్చిచ్చినవారికి బహుమానం. గోడగడియారాల రిపేరు దుకాణం బజారు వీధిలోకి మారింది. ఆ దుకాణం తర్వాత ఇంకో మూడు వీధులు మారింది, గడియారాలు మాత్రం ఒక్కటీ సరిగ్గా నడవలేదు. వీపు ముక్క మీద పాఠకుల లేఖ ఒకటి, తమ వీధిలోనే దీపాలు వెలగడం లేదని. అవి వెలగడానికి ఇంకో పద్నాలుగేళ్ళు పట్టిందని ఆ రాసినాయనకి అప్పుడు తెలియదు. కాలరు మీద వాతావరణం: రేపు పొడిగా ఉండును. నిజమే, ఆ పేపరు వచ్చిన మర్నాడు ఆకాశం అద్దంలా ఉంది. తండ్రీ కూతుళ్ళు సైకిళ్ళు దిగినప్పుడు ఎండ కళ్ళలో పడి, ఆ పిల్ల మొహం సరిగా కనబడక, మాస్టారు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. ఆ సంగతి గుర్తొచ్చి తనలో తనే నవ్వుకున్నారు.

ఆఖరుకి ముందు భాగం తిప్పారు. టీచరమ్మ అలాగే ఉంది. జడ వెనక్కి ఎగిరిపోతోంది, పళ్ళు బిగించింది, తొడ దగ్గర పంట్లాం పట్టేస్తూనే ఉంది.

అప్పుడొక పాడు ఆలోచన వచ్చింది. చిన్న కత్తెరతో ఈ అంచులు అక్కడక్కడా కొరికినట్టు చేస్తే? నాలుగు చిల్లులు పొడిచి, కాస్త మట్టి రాస్తే? చెదలు వదిలేసిన ముక్క పాత సామాన్లలో దొరికిందని చెప్పొచ్చు. ఆవిడకి ఫొటో దక్కుతుంది, తన పరువూ దక్కుతుంది. మాస్టారు కత్తెర తీసుకున్నారు. చంక వంపు దగ్గర ఆనించారు. ఆ వంపు ఆయన జీవితంలో కోసిన మొదటి కోటు వంపు. వెంట్రుకవాసి తేడా లేకుండా, నీళ్ళలా తిరిగింది. దాన్ని చెదలు తిన్నట్టు కోయాలి. వేళ్ళు బిగిశాయి, కత్తెర మూసుకోలేదు. యాభై ఏళ్ళుగా తిన్నగా కోసిన చెయ్యి వంకరగా కొయ్యనని మొండికేసింది. నోరైతే అబద్ధం ఆడింది గానీ చేతికి చేతకాలేదు.

కత్తెర కింద పెట్టేశారు. అంతలో బయట సైకిల్ గంట మోగింది. ముక్కలు చుట్టెయ్యడానికి కావలసినంత టైముంది. మాస్టారు చుట్టలేదు. కుర్చీలో కూర్చుని, తేలు కుట్టిన దొంగలా కాకుండా, తప్పు ఒప్పుకోబోయే మనిషిలా ఉండాలని ప్రయత్నించారు. ఏం లాభం, రెండు మొహాలూ ఒకేలా ఉంటాయి.

టీచరమ్మ నుదుటి చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. "తలుపేసుకుని ఏం చేస్తున్నారండీ?" అంటూ బల్ల దాకా వచ్చి ఆగిపోయింది. వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఒక వేలితో చంక వంపు వెంబడి రాసింది.

"మన ఇంటి చెదలకి కటింగు బాగా వచ్చునే," అంది.

మాస్టారు లేచి నిలబడ్డారు. "చూసుకోలేదు. తిరగేసి ఉంది. కోసేశాక చూశాను. నీతో చెప్పడానికి భయమేసింది."

"భయమేస్తే ఒకరోజు వేస్తుంది. నలభై అయిదేళ్ళు వేస్తుందా?"

"ముందు భయం. తర్వాత సిగ్గు. రానురాను అదే అలవాటైపోయింది."

"ఏటా మందు కొనుక్కొచ్చింది నేను," అంది టీచరమ్మ. "పూస్తుంటే పక్కన స్టూలు పట్టుకుని నిలబడింది నేను. నవ్వుకునేవారా లోపల?"

"ఒట్టు. ఒక్కసారి కూడా నవ్వలేదు."

ఆవిడ పెరట్లోకి వెళ్ళిపోయింది. పంపు కొడుతున్న చప్పుడు వినబడింది. ఆ టైర్లలో గాలి నిండుగానే ఉందని ఇద్దరికీ తెలుసు. మాస్టారు కదలకుండా నిలబడి ఆ చప్పుడు వింటూ, ఆగాక ఏం జరుగుతుందా అని బిక్కమొహం వేసుకున్నారు. ఆవిడ గట్టిగా తిట్టకపోయినా అంత తప్పు చేసినట్టు ఆయనకి ఎన్నడూ అనిపించలేదు.

పంపు ఆగింది. ఆవిడ తిరిగి వచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ నడక మామూలుగానే ఉంది.

"ఎవరి కోసం కోశారు దాన్ని? ఏ మహారాజుకి కుట్టారు?"

"మీ నాన్నగారికి. రిటైర్మెంటు కోటు."

టీచరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కోకుండా, నిలబడే, ముక్కల్ని ఒక్కొక్కటే జరపడం మొదలుపెట్టింది. దర్జీ పెళ్ళాం కదా, ఏది ఎక్కడికి వస్తుందో తెలుసు. ముందు భాగం ఇక్కడ, దాని పక్కన చెయ్యి, పైన కాలరు. బల్ల మీద ఒక మనిషి ఆకారం తయారైంది. ఛాతీ మీద, జేబు కోసం పొడిచిన నాలుగు చిల్లులకి సరిగ్గా పైన, ఆ మనిషి కూతురు సైకిల్ తొక్కుతోంది. కోటుకి పేపరు అడ్డంగా పెట్టాల్సి వచ్చింది కనుక ఫొటో నిలువుగా తిరిగి, సైకిల్ గుండె మీంచి భుజం మీదకి ఎక్కిపోతున్నట్టుంది.

"నాన్న ఇంత చిన్నవాడా?" అంది టీచరమ్మ.

"ముప్పై నాలుగు ఛాతీ. పిట్టంత మనిషి."

"నాకు కొండంత ఉండేవాడు." ఆవిడ రెండు అరచేతులూ ఆ కాగితం భుజం మీద పెట్టింది. "అప్పటికి యాభై ఎనిమిది. ఇప్పుడు నేను ఆయన కంటే పెద్దదాన్ని."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడిచారు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"ఇక్కడ రెండో గీత ఏమిటి?" ఆవిడ కాగితం తిప్పి, భుజం దగ్గర చుక్కలు చుక్కలుగా ఉన్న పెన్సిలు గీత చూపించింది.

"కుడి భుజం. అరంగుళం కిందకి ఉండేది ఆయనకి. ఉత్తరాల సంచీ ముప్పై అయిదేళ్ళు అటే తగిలించుకున్నారుగా. కోటు తిన్నగా కుడితే అక్కడ ముడత పడుతుంది. అందుకని వేరే గీశాను."

"సంచీ కాదు," అంది టీచరమ్మ ఠక్కున. "నాకు సైకిల్ నేర్పేటప్పుడు కుడిచేత్తో సీటు పట్టుకుని పక్కన పరిగెత్తేవాడు. వేసవి సెలవులన్నీ. అలా జారింది."

ఒక వేసవి పరుగుకి భుజం జారదని మాస్టారికి తెలుసు. ఊళ్ళో భుజాలన్నీ కొలిచిన మనిషి. "అయ్యుంటుంది," అన్నారు.

ఈ మాట మాత్రం అబద్ధాల లెక్కలోకి రాదని నా అభిప్రాయం.

టీచరమ్మ చీకటి పడేదాకా ఆ బల్ల దగ్గరే ఉంది. తెల్లపిల్లి ప్రకటన చదివి, ఆ పిల్లి తమ వీధిలోనే దొరికిందని చెప్పింది. గడియారాల దుకాణం చూసి నవ్వింది. లేవబోతూ, "వీటిని అతికించకండి," అంది. "అతికిస్తే ఇది మళ్ళీ పేపరైపోతుంది. అమ్మాయినొచ్చి ఫోన్‌లో ఫొటో తీసుకోమనండి, వాళ్ళకి అది చాలు. మీరు ఈ కటింగుతో నాకు కోటు కుట్టండి. ఆదివారానికి."

"నీకా?" మాస్టారు అలవాటుగా ఆవిడని ఎగాదిగా చూశారు. "ఛాతీ రెండంగుళాలు వదలాలి. చెయ్యి కాస్త తగ్గించాలి. భుజం ఆ అరంగుళం సరిచెయ్యాలి, నీది తిన్నగానే ఉంది."

"ఛాతీ వదలండి. చెయ్యి తగ్గించండి. భుజం జోలికి మాత్రం వెళ్ళకండి."

"వెళ్ళకపోతే కుడిపక్క జారినట్టు కనబడుతుంది. కుట్టడం రాని వెధవెవడో కుట్టాడనుకుంటారు."

"అనుకోనివ్వండి," అంది టీచరమ్మ. "చెదలు మోశాయిగా ఇన్నేళ్ళు."

ఆదివారం పొద్దున మైదానం అంతా సైకిళ్ళే. నెరిసిన జుట్టు విద్యార్థులు, వాళ్ళ పిల్లలు. ఫొటో పెద్దది చేయించి నిలబెట్టారు, సగం చక్రంతోనే. అందరికంటే ముందు టీచరమ్మ, ముదురు నీలం కోటులో. మిగతా అంతా కొలిచి పోసినట్టు కుదిరింది. కుడి భుజం మాత్రం అరంగుళం కిందకి దిగి, కాలరు పక్కన చిన్న ముడత పడింది. ఎవరో వెనక సీటు పట్టుకుని పరిగెడుతున్నట్టు ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, పెడలు మీద కాలు వేసింది.

ముప్పై ఏళ్ళుగా మాస్టారి దగ్గరే కోట్లు కుట్టించుకుంటున్న ఫార్మసీ ఆయన పక్కకి వచ్చి, జాలిగా గొంతు తగ్గించాడు. "ఏమనుకోకండి మాస్టారూ. పెద్దవారయ్యారు. టీచరమ్మగారి కోటు భుజం జారింది."

"అవునండీ," అన్నారు మాస్టారు, మలుపు తిరుగుతున్న ఆ నీలం కోటు మీంచి చూపు తిప్పకుండా. "సరిగ్గా అరంగుళం."